అప్‌గ్రేడ్ తరువాత జాబితాలో కనిపించకుండా పోయిన 100 హెర్ట్జ్: కర్నూలులోని ఒక మిక్సింగ్ యూనిట్ కేసు

నేపథ్యం

విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ కర్నూలులోని ఫోటో స్టూడియోలు, ఆల్బమ్ డిజైనింగ్ షాపులు, వీడియో మిక్సింగ్ యూనిట్లు ఒకదాని వెనుక ఒకటి విండోస్ 11కు మారాయి. మారిన తరువాత ఎదురైన చిన్నాపెద్దా ఇబ్బందులన్నింటికీ "అప్‌గ్రేడ్ చేశాక ఇట్లయింది" అని ఒకే కారణం చెప్పడం కూడా అప్పుడే అలవాటైంది. నేను ఇక్కడ నమోదు చేస్తున్న కేసు అలాంటి ఫిర్యాదుతోనే వచ్చింది. ఫిర్యాదు చేసినవారు చూసింది నిజమే, వారు చెప్పిన వరుస కూడా నిజమే. కారణం మాత్రం అప్‌గ్రేడ్‌కు చాలా ముందునుంచే ఆ గదిలో ఉంది. యజమాని అనుమతితో రాస్తున్నాను. యూనిట్‌ను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలనూ, పరికరాల కంపెనీల పేర్లనూ వదిలేశాను.

ఇది పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే చిన్న యూనిట్. లోపలి గదిలో మిక్సింగ్ కంప్యూటర్, ముందు గదిలో పెళ్లివారిని కూర్చోబెట్టి వీడియో చూపించడానికి గోడకు 32 అంగుళాల టీవీ ఉంటాయి. కంప్యూటర్‌లో ఇంటెల్ 9వ తరం ప్రాసెసర్, ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్, ఒక డీవీఐ పోర్టు ఉన్న మధ్యస్థాయి గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. మానిటర్ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ రకం, 100 హెర్ట్జ్ రిఫ్రెష్ రేటు (సెకనుకు బొమ్మ మారే సార్లు) దాకా పనిచేస్తుంది, దానికి హెచ్‌డీఎంఐ, వీజీఏ ఇన్‌పుట్‌లు మాత్రమే ఉన్నాయి.

ఆ 100 హెర్ట్జ్ ఈ పనిలో అలంకారం కాదు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌లో వస్తుంది కనుక, మండపంలోని లైట్ల మినుకు వీడియోలో పడకుండా ఉండేందుకు కెమెరాలను సెకనుకు 25 లేదా 50 ఫ్రేములకు పెడతారు. మానిటర్ సెకనుకు 100 సార్లు బొమ్మను మారుస్తుంటే 25 ఫ్రేముల వీడియోలో ప్రతి ఫ్రేమూ సరిగ్గా నాలుగుసార్లు, 50 ఫ్రేముల వీడియోలో సరిగ్గా రెండుసార్లు కనిపిస్తుంది. అదే మానిటర్ 60 హెర్ట్జ్‌లో ఉంటే లెక్క కుదరదు. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము రెండుసార్లు, తరువాతిది మూడుసార్లు కనిపిస్తూ, ఐదు ఫ్రేములను పన్నెండు మార్పుల్లో సర్దవలసి వస్తుంది. 50 ఫ్రేముల వీడియోలోనైతే ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి రెండోసారి కనిపిస్తుంది, అంటే సెకనుకు పదిసార్లు చిన్న కుదుపు. వధూవరులు పీటల మీద కూర్చున్న షాట్‌లో ఇది ఎవరికీ తెలియదు. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో తీసిన ప్రీవెడ్డింగ్ షాట్‌లో డ్రోన్ నెమ్మదిగా పక్కకు జరుగుతూ రాళ్ల అంచులను చూపిస్తున్నప్పుడు మాత్రం ఈ పనిలో ఉన్న ఏ కంటికైనా తెలుస్తుంది.

అప్‌గ్రేడ్ చేసింది మరొక టెక్నీషియన్. ఆ కంప్యూటర్‌లో విండోస్ 10 పాత పద్ధతిలో, ఎంబీఆర్ (డిస్కును విభజించే పాత పద్ధతి) డిస్కు మీద, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే ప్రాథమిక ప్రోగ్రామ్) సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ కావడానికి వీలిచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉండగా పనిచేస్తుండేది. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా కీలను దాచే భాగం)తో పాటు సెక్యూర్ బూట్‌కు (నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రాములతోనే కంప్యూటర్ మొదలయ్యే ఏర్పాటు) వీలున్న యూఈఎఫ్ఐ (బయోస్‌కు కొత్త రూపం) ఏర్పాటు కావాలి కనుక, ఆయన పాత డిస్కును కొత్త ఎస్‌ఎస్‌డీ మీదికి క్లోన్ చేసి, దాన్ని జీపీటీకి (కొత్త విభజన పద్ధతి) మార్చి, సీఎస్‌ఎం తీసేసి, ఇంటెల్ పీటీటీని (ప్రాసెసర్‌తోనే వచ్చే టీపీఎం), సెక్యూర్ బూట్‌ను ఆన్ చేసి అప్‌గ్రేడ్ నడిపారు. చివరలో పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ను (విండోస్ తరఫున కార్డును నడిపించే ప్రోగ్రామ్) పూర్తిగా తొలగించి తాజా డ్రైవర్ వేశారు. పాత డిస్కును చెరపకుండా, మీద పేరు రాసి యజమానికి అప్పగించారు. ఈ పనిలో తప్పుపట్టవలసింది నాకేమీ కనిపించలేదు. పైగా ఆ పాత డిస్కు మిగిలి ఉండడం వల్లనే ఈ కేసు అనుమానానికి తావు లేకుండా తేలింది.

వచ్చిన సమస్య

నా దగ్గరికి వచ్చిన మాట "రిఫ్రెష్ రేట్ తగ్గింది" అని కాదు. "ప్రివ్యూలో వీడియో జర్క్ కొడుతోంది, రెండరింగ్ చేసినా పోవడం లేదు" అని. మిక్సింగ్ చేసే కుర్రాడు అప్పటికే కెమెరా షట్టర్ స్పీడును అనుమానించాడు, డ్రోన్ నడిపిన అతనితో వాదన పెట్టుకున్నాడు, ఒక పాటను తిరిగి రెండర్ చేశాడు (పూర్తి వీడియో ఫైలుగా మళ్లీ తయారుచేశాడు). అదే ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఇంట్లో టీవీలో చూస్తే బాగానే ఉందట. కార్తీకమాసపు పెళ్లిళ్ల పని నెత్తిమీద ఉండడంతో యజమాని విండోస్ 10కు తిరిగి వెళ్లిపోదామన్న నిర్ణయానికి దాదాపు వచ్చేశారు.

ఇలాంటి ఫిర్యాదులో మొదట విడదీయవలసినవి రెండు ఉన్నాయి. కంప్యూటర్ ఫ్రేములను సమయానికి తయారుచేయలేకపోతోందా, లేక తయారైన ఫ్రేములను తెర సమంగా చూపించలేకపోతోందా? మొదటిదైతే ప్రాసెసర్, డిస్కు, డ్రైవర్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వైపు చూడాలి. రెండోదైతే మానిటర్ వైపు. వారు వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో ప్లే చేస్తున్నప్పుడు వదిలేసిన ఫ్రేముల లెక్క చూపించే గుర్తు ఉంటుంది. దాన్ని ఆన్ చేసి అదే డ్రోన్ షాట్ నడిపితే ఒక్క ఫ్రేము కూడా వదలలేదు, కుదుపు మాత్రం కనిపిస్తూనే ఉంది. అంతటితో కంప్యూటర్ వేగం మీది అనుమానాన్ని పక్కన పెట్టాను.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే సంగతి బయటపడింది. యాక్టివ్ సిగ్నల్ మోడ్ 60 హెర్ట్జ్ అని ఉంది. ఎంచుకోవడానికి ఉన్నవి 60, 59.94, 50 మాత్రమే. 100 లేదు, 75 కూడా లేదు. యూనిట్‌లో ఎవరూ ఈ పేజీ తెరిచి చూడలేదు, చూడాలని వారికి తోచే అవకాశమూ లేదు. (59.94 కనిపించడం లోపం కాదని వారికి అక్కడే చెప్పాను. అది టీవీల ప్రమాణంలోని రేటు, చాలా తెరలు దాన్ని 60తో పాటు ప్రకటిస్తాయి.)

ముందుగా ఇచ్చిన ఉపశమనం

కారణం వెతకడానికి ముందు పని ఆగకుండా చూడాలి. జాబితాలో 50 ఉంది కనుక మానిటర్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చమన్నాను. పాతకాలపు పిక్చర్ ట్యూబ్ మానిటర్‌ను 50లో నడిపితే తెర మినుకుమంటూ కళ్లు నొప్పిపుట్టేవి; ఎల్‌సీడీలో వెలుగు వెనుక ఉన్న దీపాలది కనుక ఆ బాధ లేదు. మార్చిన వెంటనే డ్రోన్ షాట్ నునుపుగా కదిలింది. 25 ఫ్రేములు రెండేసి సార్లు, 50 ఫ్రేములు ఒక్కొక్కసారి, ఎక్కడా మిగులు లేకుండా సరిపోయాయి.

ఇది ఉపశమనమే కాదు, పరీక్ష కూడా. మానిటర్ రేటును తగ్గిస్తే వీడియో బాగుపడిందంటే, కుదుపుకు కారణం వేగం చాలకపోవడం కాదనీ, లెక్క కుదరకపోవడమనీ తేలిపోయింది. ఆ రోజు ఇవ్వవలసిన వీడియోను అలాగే పూర్తి చేశారు. అయితే 50లో మౌస్ బాణం బరువుగా, వెనకబడి కదులుతున్నట్టు అనిపిస్తుంది, టైమ్‌లైన్‌ను అటూ ఇటూ లాగుతున్నప్పుడు విసుగు పుడుతుంది. రోజంతా దాని ముందు కూర్చునే మనిషికి దీన్ని శాశ్వత పరిష్కారంగా చెప్పలేం.

చేసి చూసినవి, పని చేయనివి

మొదట చూసింది మానిటర్ ఏ గ్రాఫిక్స్‌కు తగిలించి ఉందన్నది. కంప్యూటర్‌ను షాపుకు తీసుకెళ్లి తెచ్చినప్పుడు తీగలన్నీ ఊడదీసి మళ్లీ పెడతారు, అప్పుడు హెచ్‌డీఎంఐ తీగ కార్డుకు బదులు మదర్‌బోర్డు పోర్టులోకి పోవడం తరచుగా జరిగేదే. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలోనే మానిటర్ దేనికి కలిసి ఉందో రాసి ఉంటుంది. ఇక్కడ గ్రాఫిక్స్ కార్డు పేరే ఉంది. వెనక్కి వంగి చూడవలసిన పని లేకుండానే ఆ అనుమానం తీరింది.

తరువాత డ్రైవర్. కార్డు కంపెనీ డ్రైవర్ లేకపోతే విండోస్ తన దగ్గరున్న ప్రాథమిక డిస్‌ప్లే డ్రైవర్‌తో నెట్టుకొస్తుంది. అప్పుడు రేటు మార్చుకునే అవకాశమే ఉండదు. ఇక్కడ డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు సరిగానే ఉంది, డ్రైవర్ కంపెనీదే. అయినా సగం సగం మిగిలిపోయిన పాత ఫైళ్లు ఉండవచ్చన్న ఆలోచనతో, నెట్ తీగ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే సాధనంతో డ్రైవర్‌ను ఆనవాలు లేకుండా తొలగించి, కంపెనీ డ్రైవర్‌ను మళ్లీ వేశాను. నెట్ తీసేయడానికి కారణం ఉంది: తీయకపోతే మనం కొత్తది వేసేలోపే విండోస్ అప్‌డేట్ తనకు తోచిన వెర్షన్‌ను తెచ్చిపెడుతుంది, దేన్ని పరీక్షిస్తున్నామో మనకే తెలియకుండా పోతుంది. ఫలితం శూన్యం. జాబితాలో మళ్లీ 60, 59.94, 50.

ఇక్కడ చాలామంది తీగను మార్చమంటారు. నేను ఆ పని చేయలేదు. పాడైన తీగ ఇచ్చే లక్షణాలు వేరు: తెర మధ్యమధ్యలో నల్లబడుతుంది, చుక్కలు మెరుస్తాయి, ఎక్కువ రేటు ఎంచుకున్నప్పుడు సిగ్నల్ పోతుంది. హెచ్‌డీఎంఐలో ఎంచుకునే జాబితా తీగ నాణ్యతను కొలిచి తయారయ్యేది కాదు. మానిటర్ తన గురించి తాను చెప్పుకునే ఈడీఐడీ అనే 128 బైట్ల సమాచారం, దానికి తోడుగా ఉండే అనుబంధ భాగాలు, వీటిని గ్రాఫిక్స్ కార్డు చదివి ఆ జాబితాను తయారుచేస్తుంది. ఆ సమాచారంలో తయారీదారు గుర్తు, తయారైన సంవత్సరం, తెర కొలతలు, అంగీకరించే రేట్లు ఉంటాయి. 100 ఎంచుకుంటే తెర ఆరిపోవడం ఒక రోగం, 100 అన్నదే జాబితాలో లేకపోవడం మరో రోగం. మొదటిది దారి ఇరుకు, రెండోది సమాచారం లోపం.

ఈ తేడా గట్టిగా పట్టుకోవడం వల్ల తరువాతి ప్రశ్న దానంతటదే వచ్చింది: ఈ కార్డుకు ఈడీఐడీ చెబుతున్నది నిజంగా ఈ మానిటరేనా?

దారి తప్పించేలా వచ్చిన సాక్ష్యం

ఆ ప్రశ్నకు జవాబు వెతికేలోపు యజమాని ఒక మంచి కోరిక కోరారు: పాత డిస్కు ఉంది కదా, దాంతో బూట్ చేసి చూడమన్నారు. కొత్త డిస్కులో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే సెక్యూర్ బూట్‌ను కదిలించినప్పుడు రికవరీ కీ అడుగుతుంది కనుక ముందు ఆ సంగతి చూసి, కీ భద్రంగా ఉందని నిర్ధారించుకున్నాక, కొత్త ఎస్‌ఎస్‌డీని తీసి పక్కన పెట్టి, సీఎస్‌ఎం ఆన్ చేసి పాత డిస్కుతో బూట్ చేశాను. విండోస్ 10 వచ్చింది. జాబితాలో 100 హెర్ట్జ్ ఉంది. ఎంచుకుంటే పనిచేసింది.

అదే కంప్యూటర్, అదే కార్డు, అవే తీగలు, అదే మానిటర్. పాత విండోస్‌లో 100 ఉంది, కొత్త విండోస్‌లో లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నారు యజమాని. ఆయన మాటలో తర్కం ఉంది. దీన్ని చూసి కూడా విండోస్ 11ను దోషిగా తేల్చకపోవడానికి నా దగ్గర ఉన్నది ఒక్క వాదనే: డిస్కు మార్చినప్పుడు మారింది విండోస్ ఒక్కటే కాదు. ఆ డిస్కు మీద కొన్నేళ్లుగా పేరుకున్న సెట్టింగులన్నీ దానితో పాటే తిరిగొచ్చాయి. వాటిలో ఏది 100ను చూపిస్తోందో తెలిసేదాకా విండోస్ 10, విండోస్ 11 అన్న పోలికకు అర్థం లేదు.

కొత్త డిస్కును మళ్లీ పెట్టి, బయోస్‌ను యథాస్థితికి తెచ్చి, నా దగ్గర పరీక్షకు వాడే 75 హెర్ట్జ్ మానిటర్‌ను దాని సొంత తీగతో కార్డుకు నేరుగా తగిలించాను. విండోస్ 11 దానికి 75 చూపించింది. కార్డు, డ్రైవర్, విండోస్ 60 దాటగలవని రుజువైంది. కానీ ఈ పరీక్షలో మానిటర్, తీగ రెండూ ఒకేసారి మారాయి కనుక యూనిట్ మానిటర్‌దే లోపమని చెప్పడానికి వీల్లేదు. అందుకే రెండో అడుగు వేశాను: నా తీగ తీసేసి, అదే పరీక్ష మానిటర్‌ను యూనిట్ మానిటర్‌కు వచ్చే తీగ చివర తగిలించాను. 75 మాయమైంది. 60, 59.94, 50 మాత్రమే మిగిలాయి. ఇప్పుడు మారింది ఒక్క దారి మాత్రమే. నేరుగా వెళ్తే 75 చెప్పిన మానిటర్ ఈ దారిలో వస్తే 60 దగ్గర ఆగిపోతోందంటే, మధ్యలో ఎవరో దాని తరఫున మాట్లాడుతున్నారన్నమాట.

యూనిట్ మానిటర్‌ను తిరిగి దాని స్థానంలో పెట్టి, ఈడీఐడీని విప్పి చూపించే చిన్న సాధనంతో కార్డు చదువుతున్న సమాచారాన్ని చూశాను. అందులో తెర వెడల్పు 71 సెంటీమీటర్లు, ఎత్తు 40 సెంటీమీటర్లు అని ఉంది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 53, ఎత్తు 30 సెంటీమీటర్లు ఉంటుంది. 71కి 40 అంటే 32 అంగుళాల తెర. తయారైన సంవత్సరం కూడా మానిటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్నదానికంటే పాతది. కార్డు మాట్లాడుతున్నది మానిటర్‌తో కాదు, ముందు గదిలో గోడకున్న టీవీతో.

దారిలో ఉన్న పెట్టె

తీగను చేత్తో పట్టుకుని వెళ్తే అది బల్ల వెనక కేసింగ్ పట్టీలోకి దూరి, యూపీఎస్ తీగల గుంపు వెనక ఒక చిన్న హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌లోకి చేరింది. ఒక ఇన్‌పుట్, రెండు ఔట్‌పుట్‌లు. మొదటి ఔట్‌పుట్ గోడ దాటి టీవీకి, రెండోది మానిటర్‌కు. స్ప్లిటర్ రెండు తెరలకూ ఒకే సిగ్నల్‌ను పంచుతుంది కనుక ఏదో ఒక ఈడీఐడీనే కార్డుకు చూపించగలదు. కొన్ని మొదటి ఔట్‌పుట్‌లో ఉన్నదాన్ని చూపిస్తాయి, కొన్ని రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని మాత్రమే, మరికొన్ని తమలో ముందే రాసిపెట్టి ఉన్నదాన్ని. ఇక్కడిది మొదటి రకం. టీవీకి 100 రాదు, 75 రాదు. కాబట్టి కార్డుకు అవి ఉన్నట్టే తెలియదు.

మరి విండోస్ 10లో 100 ఎలా వచ్చింది? మిక్సింగ్ చేసే కుర్రాడిని అడిగిన ప్రశ్న ఒకటే: ఇంతకు ముందు పెళ్లివారికి టీవీలో చూపించేటప్పుడు ఏం చేసేవారు? "టీవీ ఏస్తే సిగ్నల్ రాకుంటాండె అన్నా, అప్పుడు అరవైకి మార్చుకుంటాంటిమి" అన్నాడు. ఆ అలవాటును వారు ఎన్నడూ సమస్యగా చూడలేదు, టీవీ పాతదైంది కాబట్టి అలా చేస్తోందనుకున్నారు. నిజానికి ఆ ఒక్క మాటలో కేసంతా ఉంది. టీవీ ఒప్పుకోని 100 హెర్ట్జ్ సిగ్నల్‌ను ఎవరో బలవంతంగా స్ప్లిటర్‌లోకి పంపుతున్నారు. మానిటర్ దాన్ని అందుకుంటోంది, టీవీ చేతులెత్తేస్తోంది.

నిర్ధారించుకోవడానికి పాత డిస్కుతో మరోసారి బూట్ చేసి, గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో కస్టమ్ రిజల్యూషన్ల పేజీ తెరిచాను. 1920 గుణకారం 1080, 100 హెర్ట్జ్ అని చేత్తో చేర్చిన ఒక వరుస అక్కడ ఉంది. మానిటర్ కొన్నప్పుడు బిగించడానికి వచ్చిన వ్యక్తికి జాబితాలో 100 కనిపించక, వెనక స్ప్లిటర్ సంగతి చూడకుండా, ఈ వరుస చేర్చి వెళ్లి ఉంటారు. ఫుల్ హెచ్‌డీ 100 హెర్ట్జ్‌కు సుమారు 235 మెగాహెర్ట్జ్ పిక్సెల్ క్లాక్ (తెరకు చుక్కలను పంపే వేగం) చాలు, హెచ్‌డీఎంఐ 1.4 స్థాయి పరికరాలు 340 దాకా మోస్తాయి కనుక స్ప్లిటర్ దాన్ని అడ్డుకోలేదు. ఇలాంటి కస్టమ్ వరుసలు డ్రైవర్ సెట్టింగుల్లో భాగం. అప్‌గ్రేడ్ చివర డ్రైవర్‌ను పూర్తిగా తీసి కొత్తగా వేసినప్పుడు ఆ వరుస కూడా తుడిచిపెట్టుకుపోయింది. కారుతున్న గొట్టానికి ఎప్పుడో చుట్టిన గుడ్డను శుభ్రం చేసేవాళ్లు విప్పేసినట్టు, అప్‌గ్రేడ్ తీసేసింది అతుకును మాత్రమే. లీకు అప్పటికే ఉంది.

ఏ పరిష్కారం, ఎందుకు

యజమాని కోరింది తేలికైనది: ఆ వరుసను విండోస్ 11లో మళ్లీ చేర్చేయమన్నారు. నిమిషాల్లో అయ్యే పని, నాకూ అభ్యంతరం ఉండేది కాదు, అది ఒక్క కంప్యూటర్, ఒక్క మానిటర్ అయితే. కానీ తరువాతి డ్రైవర్ మార్పులో అది మళ్లీ పోతుంది, అప్పటికి ఈ కథ ఎవరికీ గుర్తుండదు. పైగా టీవీ వేసిన ప్రతిసారీ 60కి దిగవలసిన ఇబ్బంది అలాగే ఉంటుంది. ఈడీఐడీని ఎంచుకునే మీటలున్న ఖరీదైన స్ప్లిటర్ గురించి కూడా ఆలోచించాం. దాంతో కార్డుకు మానిటర్ సమాచారం అందుతుంది గాని, టీవీకి వెళ్లే సిగ్నల్ కూడా 100 హెర్ట్జే అవుతుంది. రెండు తెరలకు రెండు వేర్వేరు రేట్లు కావాలంటే రెండు వేర్వేరు ఔట్‌పుట్‌లు కావాలి, మరో దారి లేదు.

కాబట్టి స్ప్లిటర్‌ను తీసేయడమే నిర్ణయం. మానిటర్‌ను ఒక పోర్టుకు, టీవీని మరో పోర్టుకు. ఏది దేనికి అన్న దగ్గర కొంత ఆలోచించవలసి వచ్చింది. మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ లేదు. డీవీఐ పోర్టును మామూలు మార్పిడి పిన్నుతో హెచ్‌డీఎంఐకి కలిపితే ప్రమాణం ప్రకారం 165 మెగాహెర్ట్జ్ వరకే భరోసా. 100 హెర్ట్జ్‌కు కావలసిన 235 అందులో పట్టదు. ఫుల్ హెచ్‌డీ 50 హెర్ట్జ్‌కైనా 60 హెర్ట్జ్‌కైనా టీవీల ప్రమాణంలో 148.5 మెగాహెర్ట్జ్ చాలు, అది డీవీఐలో సులభంగా పడుతుంది. అదీగాక టీవీకి వెళ్లే తీగ గోడ దాటి పోతుంది, పొడవైనది. పొడవైన తీగ మీద తక్కువ క్లాక్ ఉండడమే మేలు. అందుకని కార్డులోని హెచ్‌డీఎంఐ పోర్టును చిన్న తీగతో మానిటర్‌కు ఇచ్చి, డీవీఐని టీవీకి ఇచ్చాను. ముందు గదిలో ధ్వని ఎప్పటినుంచో కంప్యూటర్‌కు కలిపిన స్పీకర్ల నుంచే వస్తోంది కనుక టీవీ తీగలో ధ్వని వెళ్తుందా లేదా అన్న ప్రశ్న రాలేదు.

తీగ పెట్టిన క్షణంలోనే జాబితాలో 100, 75 ప్రత్యక్షమయ్యాయి. ఏ కస్టమ్ వరుసా చేర్చలేదు. టీవీని 50 హెర్ట్జ్‌లో పెట్టాం, అది మన వీడియోలకు సహజమైన రేటు. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ కింద మెర్క్యురీ ట్రాన్స్‌మిట్‌ను ఆన్ చేసి టీవీని ఎంచుకుంటే, టైమ్‌లైన్ లోపలి మానిటర్‌లోనే ఉండి, వీడియో ఒక్కటే టీవీలో నిండుగా వస్తుంది. ఇంతకు ముందు పెళ్లివారికి టీవీలో ఎడిటింగ్ కిటికీలన్నీ కనిపిస్తుండేవి. ఇప్పుడు ఆ ఇబ్బంది కూడా తీరింది.

అయినా పని అక్కడితో ముగియలేదు. టీవీ వేసినప్పుడల్లా మానిటర్ మళ్లీ 60కి పడిపోతోందని కబురొచ్చింది. ఈసారి కారణం వేరు. ఆ టీవీని ఆపేస్తే అది కంప్యూటర్‌కు కనిపించకుండా పోతుంది, వేస్తే కొత్తగా వచ్చినట్టు కనిపిస్తుంది. విండోస్ ఏయే తెరలు కలిసి ఉన్నాయో చూసి, ఆ కలయికకు విడిగా గుర్తుంచుకున్న అమరికను అమలు చేస్తుంది. నేను సెట్ చేసి వచ్చిన తరువాత ఎవరో టీవీ వేసి, విండోస్ మీట, పీ కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకున్నారు. స్ప్లిటర్ రోజుల అలవాటు అది. రెండు తెరలకూ ఒకే బొమ్మ కావాలంటే విండోస్ రెండింటికీ కుదిరే రేటుకే దిగుతుంది. ఎక్స్‌టెండ్‌కు (రెండు తెరలూ వేర్వేరుగా పనిచేసే పద్ధతి) మార్చి, టీవీ ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి మానిటర్‌ను 100లో పెట్టి, రెండు అమరికలూ గుర్తుండేలా చేశాను. కుర్రాడికి డూప్లికేట్ ఎందుకు వద్దో చూపించి చెప్పాను. "నొక్కొద్దు" అని కాగితం అంటించడం కంటే అది ఎక్కువ కాలం నిలిచింది.

చివరి పరీక్షగా డ్రైవర్‌ను కావాలనే మళ్లీ మొత్తం తొలగించి కొత్తగా వేశాను. యజమాని కొంత కంగారుపడ్డారు. కానీ మొదటిసారి 100ను తీసుకుపోయింది ఆ పనే కనుక, దాన్ని తట్టుకుని నిలిస్తేనే పరిష్కారం సెట్టింగులో కాక తీగల్లో ఉందని నమ్మగలం. నిలిచింది.

పద్ధతిలో చేసిన మార్పు

ఈ కేసు తరువాత అప్‌గ్రేడ్‌కు తీసుకునే ప్రతి కంప్యూటర్‌కూ, డిస్కును ముట్టుకోకముందే కొన్ని పేజీలను ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుతున్నాను: అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే జాబితా, గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో కస్టమ్ రిజల్యూషన్లు, రంగుల ప్రొఫైల్, ధ్వని ఏ పరికరానికి వెళ్తోంది, కంప్యూటర్ వెనక తీగలు ఏ పోర్టుల్లో ఉన్నాయి. ఎవరైనా చేత్తో మార్చిన సెట్టింగు కనిపిస్తే అదెందుకు మార్చవలసి వచ్చిందో అప్పుడే అడుగుతున్నాను, ఎందుకంటే అలాంటి మార్పు వెనక దాదాపు ఎప్పుడూ సరిచేయకుండా వదిలేసిన మరో లోపం ఉంటుంది. షాపులో నా బల్ల మీద కంప్యూటర్ పెట్టెను మాత్రమే పరీక్షించి పంపడం కూడా మానేశాను. స్ప్లిటర్, స్విచ్ పెట్టె, పొడవాటి తీగ, ప్రొజెక్టర్ లాంటివి పని గదిలోనే ఉంటాయి, నా బల్ల మీదికి రావు.

యూనిట్‌లో ఆల్బమ్ డిజైనింగ్‌కు వాడే రెండో కంప్యూటర్ కూడా ఉంది. దాని ప్రాసెసర్ ఇంటెల్ 6వ తరం. విండోస్ 11 అధికారికంగా, కొద్ది మినహాయింపులతో, 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది కనుక దాన్ని మార్చలేదు, నెట్ తీసేసి ఆల్బమ్ పనికి మాత్రమే ఉంచారు. దాని మానిటర్ తీగ కూడా అదే కేసింగ్ పట్టీలోంచి వస్తుంది. పట్టీ తెరిచి ఉండగానే చూశాం; అది మధ్యలో ఏ పెట్టె లేకుండా నేరుగా కార్డుకే వెళ్తోంది.